మ్యాట్ రోల్‌ను ఇసుకలో పడేయకండి: ఫైబర్ బోటు యార్డులకు బహిరంగ లేఖ

ఉత్తరాంధ్ర తీరంలో ఫైబర్ బోట్లు కట్టే యార్డుల యజమానులకు, మేస్త్రీలకు, హెల్పర్లకు,

నమస్కారం.

ఏప్రిల్ 15 నుంచి వేట నిషేధం. జూన్ 14 దాకా, 61 రోజులు, బోట్లన్నీ ఒడ్డునే. మీకు మాత్రం ఇదే సీజన్. పాత బోట్లకు మరమ్మతులు, కొత్త వాటికి ఆర్డర్లు, తిండికి కూడా టైము ఉండదు. ఇలాంటప్పుడు కూర్చుని ఉత్తరం చదవమనడం సబబు కాదని తెలుసు. కానీ జూన్ 15న బోటు నీళ్లలో దిగాక ఈ మాటలు చెప్పి ప్రయోజనం లేదు.

మా నాన్న తండేలు, అంటే వేటలో బోటును నడిపించే పెద్ద. మాది భీమిలి పక్క ఊరు. నాకు సముద్రం పడలేదు. రెండుసార్లు వేటకు తీసుకెళ్తే రెండుసార్లూ కడుపులో ఉన్నదంతా కక్కి వచ్చాను. అందుకని చదువులో పడి, చివరికి ఫైబర్ ముక్కలు తెంపే ల్యాబ్‌లో తేలాను. పదహారేళ్లు అదే పని. ముక్కను మెషిన్ దవడల మధ్య బిగించడం, లాగడం, ఎన్ని కేజీల దగ్గర తెగిందో రాసుకోవడం. మీరు కట్టేవాళ్లు, నేను తెంపేవాణ్ని. బోటు కట్టడం మీకు నేర్పే స్థాయి నాకు లేదు. అది ఎక్కడ తెగుతుందో, ఎందుకు తెగుతుందో మాత్రం చెప్పగలను.

మా చిన్నాన్న ఒక యార్డులో ఫైబర్ తెప్ప కట్టించుకున్నాడు. యార్డు పేరు చెప్పను. ఆ మేస్త్రీ మంచివాడు, మా ఇంట్లో భోజనం చేసిన మనిషి. పద్నాలుగు నెలలకే వెనక ఇంజను బిగించిన మూల దగ్గర పగులు వచ్చింది. నీళ్లు తోడుకుంటూ ఒడ్డుకు చేరారు, ఎవరికీ ఏమీ కాలేదు. చిన్నాన్న టేపు పెట్టి కొలిచి నాకు ఫోన్ చేశాడు. "పది మిల్లీమీటర్ల మందం ఉందిరా, ఎలా పగిలింది?" అన్నాడు. బిల్లులో కూడా పది మిల్లీమీటర్లు, తొమ్మిది పొరలు, 450 మ్యాట్ అని రాసి ఉంది. మీకు తెలిసిందే, మ్యాట్ అంటే గాజు పోగు ముక్కలతో చేసిన దుప్పటిలాంటి గుడ్డ, 450 అంటే చదరపు మీటరుకు దాని బరువు గ్రాముల్లో. దాన్ని రెజిన్ అనే జిగురుతో తడిపి పొర మీద పొర వేస్తేనే బోటు గోడ.

పగిలిన చోట ఎలాగూ కోయాలి కదా, అక్కడినుంచి ఐదు సెంటీమీటర్లు పొడవు, ఐదు వెడల్పు ముక్క ఒకటి కోయించాను. ఊళ్లో బంగారం కొట్టులో తూకం వేస్తే 35 గ్రాములు తూగింది. పెరట్లో మూడు ఇటుకలు పెట్టి, రేకు మూత మీద ఆ ముక్క ఉంచి, కింద గ్యాస్ బర్నర్ వెలిగించాం. నల్లటి పొగ, ఘాటు వాసన. మీరు చేస్తే పొగ వచ్చే వైపు నిలబడకండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. రెజిన్ అంతా కాలిపోయి పొగ ఆగాక, మిగిలింది తెల్లటి గాజు. చల్లారాక చాకు మొనతో లేపితే పొర మీద పొర విడిపోతూ వచ్చింది, అచ్చం పూతరేకు విప్పినట్టు. చిన్నాన్నే లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు... ఆరు దగ్గర ఆగిపోయాడు. అక్కడితో అయిపోయాయి. పొరల మధ్య నుంచి తెల్లటి పొడి రాలింది. అది గాజు కాదు, రెజిన్‌లో కలిపిన సుద్ద. పొడి దులిపి గాజును మళ్లీ తూస్తే 7 గ్రాములు.

ఆయన ఆ గాజు పోగుల్లోంచి ఒకటి తీసుకుని వేళ్ల మధ్య నలిపాడు. బూడిదలా పొడయిపోయింది. "ఇదేనా మీరు ఇనుము కన్నా గట్టిదనే గాజు?" అని నా మొహం వైపు చూశాడు. పొరలు తక్కువేశారని మేస్త్రీతో పోట్లాడటం ఒక ఎత్తు, ఈ ప్రశ్న ఇంకో ఎత్తు. ఈ ఉత్తరం రాయడానికి కారణం నిజానికి ఈ ప్రశ్నే.

ఆ గాజు మంటలో కరగలేదు. దానిలోంచి ఏ పదార్థమూ పోలేదు. బరువూ అంతే, రంగూ ఇంచుమించు అదే. అయినా బలం పోయింది. గాజు పోగును 450 డిగ్రీలు దాటి వేడి చేసి చల్లారిస్తే, ఉన్న బలంలో సగానికి పైగా పోతుంది. ఇంకా పైకి వెళితే ఇంకా పోతుంది. అంటే బలం గాజు లోపలి పదార్థంలో మాత్రమే లేదు. పోగు పైతోలులో ఉంది. పైన గీత లేకుండా నున్నగా ఉన్నంతసేపూ బలం. కంటికి కనపడని గీత ఒక్కటి పడితే బలం సగం.

దీన్ని మొదట పట్టుకున్నది 1920లో ఇంగ్లండ్‌లో ఫార్న్‌బరోలోని విమాన పరిశోధన సంస్థలో పనిచేసిన గ్రిఫిత్. ఆయన గాజును వేడి చేసి సన్నగా సాగదీసి తెంపి చూశాడు. ఒక మిల్లీమీటరు మందమున్న గాజు కడ్డీ చదరపు మిల్లీమీటరుకు 17 కేజీల దగ్గర తెగింది. అదే గాజును మన వెంట్రుకలో ఇరవయ్యో వంతు సన్నగా లాగితే 340 కేజీలు దాటింది. ఇరవై రెట్లు! మామూలు ఇనుము నలభై, యాభై దగ్గర తెగుతుంది. సన్నగా ఉంటే గీతలకు చోటు తక్కువ, అందుకే బలం ఎక్కువ అన్నాడాయన. తాజాగా తీసిన పోగు కొన్ని గంటల్లోనే బలం కోల్పోతోందని కూడా గమనించాడు.

ఆ తర్వాత 1950ల్లో, 1960లో చేసిన ప్రయోగాల్లో ఇంకో సంగతి తేలింది. ఒకే వేడి దగ్గర, చేయి తగలకుండా, జాగ్రత్తగా తీస్తే కాస్త మందమైన పోగు కూడా సన్న పోగంత బలం చూపిస్తుంది. అంటే అసలు సంగతి సన్నదనం కాదు. దాన్ని ఎంత జాగ్రత్తగా చూశామన్నదే. ల్యాబ్‌లో నేను చూసిందీ అదే. అప్పుడే తీసిన ఒంటి పోగు చదరపు మిల్లీమీటరుకు 350 కేజీల వరకు మోస్తుంది. అదే పోగు వందల పోగులతో కలిసి తాడై, చుట్ట చుట్టుకుని, లారీలో కుదుపులు తిని మన దాకా వచ్చేసరికి 200, 250. మన చేతికి అందే లోపే మూడో వంతు పోయిందన్నమాట. మిగతాది మీ షెడ్డులో ఏమవుతుందన్నదే నా బెంగ.

అద్దాల షాపులో చూసే ఉంటారు. అద్దం కోయాలంటే అతను సుత్తి తీసుకోడు. వజ్రం ముక్కున్న కలంతో ఒక్క గీత గీస్తాడు, టక్కున విరుస్తాడు. మన షెడ్డులో నేలంతా ఇసుక. ఇసుక అంటే క్వార్ట్జ్, గాజు కన్నా గట్టిది. మ్యాట్ రోల్‌ను ఆ ఇసుక మీద పరిచి, కదలకుండా కాలితో తొక్కిపట్టి, కత్తితో కోస్తాం. ఆ తొక్కిన చోట ఎన్ని లక్షల గీతలు పడతాయో లెక్క కట్టలేం. అద్దాల షాపువాడు ఒక గీతకే కోస్తున్నాడు కదా. నేను చూసిన షెడ్డుల్లో సగానికి పైగా ఇలాగే కోస్తారు. ఒక పాత ప్లైవుడ్ షీటు బల్ల మీద వేసుకుంటే చాలు, ఈ నష్టం ఉండదు. ఈ ఉత్తరంలో ఒక్క మాటే పాటిస్తామంటే ఈ మాటే పాటించండి.

తర్వాత నీళ్లు. మనకు సముద్రం పక్కనే షెడ్డు, గోడలుండవు, తెల్లారేసరికి మ్యాట్ మెత్తబడి ఉంటుంది. ఎండలో ఆరేస్తే ఆరిపోయిందనుకుంటాం. ఆరుతుంది, కానీ తడిసిందాని దెబ్బ ఆరిపోదు. ఫ్యాక్టరీలో పోగు తీయగానే దానికి ఒక పూత పూస్తారు. ఆ పూతకు రెండు పనులు. పోగు పోగు రాసుకుని గీతలు పడకుండా కాపాడటం ఒకటి, రేపు రెజిన్ పోసినప్పుడు రెజిన్‌ను గాజుకు పట్టి ఉంచడం ఇంకొకటి. ఆ రెండో పని చేసేది సైలేన్ అనే మందు. ఒక చివర గాజును పట్టుకుంటుంది, రెండో చివర రెజిన్‌ను. పేకెట్టు విప్పి ఉప్పు గాలిలో వారాల తరబడి వదిలేసిన రోల్‌లో ఈ పూత దెబ్బతింటుంది. పైగా చెమ్మ ఉన్న మ్యాట్ మీద పాలియెస్టర్ రెజిన్ సరిగా గట్టిపడదు. లామినేషన్ (పొరలు వేయడం) అయ్యాక లోపల తెల్ల తెల్లగా పోగులు కనిపిస్తున్నాయంటే రెజిన్ వాటిని పట్టలేదనే. అక్కడ గాజు ఉన్నా లేనట్టే.

చెమ్మ గాజును నేరుగా కూడా తింటుంది. గీత కొస దగ్గర లాగుడు ఎక్కువ. అక్కడికి నీటి అణువు చేరితే సిలికాన్‌కీ ఆక్సిజన్‌కీ ఉన్న బంధాన్ని తెంచుతుంది, గీత ఇంకాస్త ముందుకు పోతుంది, మళ్లీ నీరు చేరుతుంది. ఎండ, వాన ఏమీ లేని ల్యాబ్‌లో కూడా గాలిలో చెమ్మ చాలు ఈ పనికి. నీటి జోక్యం లేకుండా ద్రవ నైట్రోజన్‌లో ముంచి తెంపితే అదే పోగు దాదాపు ఒకటిన్నర రెట్లు బలం చూపిస్తుంది. బరువు మోస్తూ నీళ్లలో ఉన్న ఫైబర్ మొదటి రోజు మోసిన బరువును పదేళ్ల తర్వాత మోయలేకపోవడానికి కారణం ఇదే. ఇంజను బిగించిన మూల రాత్రీ పగలూ బరువు కిందే ఉంటుంది. చిన్నాన్న తెప్ప అక్కడే పగలడం యాదృచ్ఛికం కాదు.

గాజు రకం గురించి ఒక మాట. బోటుకు వాడాల్సింది ఈ-గ్లాస్. దీనిలో సోడా, పొటాష్ కలిపి 2 శాతం లోపే ఉండాలి. కిటికీ అద్దంలో సోడా ఒక్కటే 13, 14 శాతం ఉంటుంది. సోడా ఎక్కువున్న గాజుతో తీసిన చవక మ్యాట్ కూడా బజారులో ఉంది. కొత్తలో చూస్తే తేడా తెలియదు. నీళ్లు తగిలేకొద్దీ ఆ సోడా బయటికి వస్తుంది, అది క్షారమై గాజునే తింటుంది. రోల్ లోపలి అట్ట గొట్టం మీద, పేకెట్టు మీద ఈ-గ్లాస్ అని రాసి ఉందా చూడండి. ఏమీ రాయని రోల్ ఎంత చవకైనా కొనకండి. ఈ మధ్య కొందరు బసాల్ట్ ఫైబర్ గురించి అడుగుతున్నారు. వికారాబాద్ వైపు దక్కన్ రాయి ఉంది చూశారూ, ఆ జాతి రాయిని కరిగించి తీసే పోగు అది. బాగానే ఉంటుంది, ఈ-గ్లాస్ కన్నా కాస్త బిరుసు. కానీ రాయి క్వారీ క్వారీకి మారుతుంది, పోగూ దానితో పాటే మారుతుంది. రంగు ముదురు కాబట్టి రెజిన్ పట్టిందో లేదో, బుడగలు మిగిలాయో లేదో కంటికి తెలియదు. చేయి తిరిగిన మేస్త్రీలు కంటితోనే పని చేసే చోట అది చిన్న ఇబ్బంది కాదు. గీతలు, చెమ్మ, వేడి దానికీ పగవాళ్లే.

ఇక మందం. చిన్నాన్న ముక్కలో పది మిల్లీమీటర్ల మందం ఎలా వచ్చిందో లెక్క వేసి చూపిస్తాను. 450 మ్యాట్ ఒక్క పొర సరిగా తడిపి, రోలర్‌తో అదనపు రెజిన్ లాగేస్తే ఒక మిల్లీమీటరు, కొద్దిగా ఎక్కువ. అప్పుడు గాజు బరువు నూటికి ముప్పై. అదే పొర మీద రెజిన్ ధారాళంగా పోసి వదిలేస్తే ఒకటి పాయింటు ఏడు మిల్లీమీటర్ల దాకా వస్తుంది, గాజు నూటికి ఇరవై. కాబట్టి ఆరు పొరలకే పది మిల్లీమీటర్లు. టేపు పెట్టి కొలిచేవాడికి రెండూ ఒకటే. చిన్న పడవలకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 12215 లెక్కలో చూస్తే, గాజు ముప్పై శాతం ఉన్న మ్యాట్ పొర చదరపు మిల్లీమీటరుకు ఎనిమిదిన్నర కేజీలు మోస్తుంది. ఇరవై శాతమైతే అయిదున్నర. అదే మందం, బలం మూడో వంతు తక్కువ. పైగా సుద్ద కలిపితే రెజిన్ పెళుసవుతుంది.

350 కేజీలు మోసే పోగు బోటులోకి వచ్చేసరికి ఎనిమిదిన్నర కేజీలు ఏమిటని అనుమానం రావచ్చు. మ్యాట్‌లో పోగులు ముక్కలు ముక్కలుగా, అన్ని దిక్కులకూ పడి ఉంటాయి. మీరు ఏ వైపు లాగినా కొన్నే ఆ వైపు ఉంటాయి. పైగా ముప్పై శాతమన్నది బరువులో. ఘనపరిమాణంలో చూస్తే గాజు ఆరో వంతే, మిగతాదంతా రెజిన్. నేత పొర, అంటే వోవెన్ రోవింగ్ వేస్తే గాజు నూటికి నలభై ఎనిమిది దాకా పట్టించవచ్చు, బలం పద్దెనిమిది కేజీలు దాటుతుంది. అయితే నేత వెళ్లిన రెండు దిక్కుల్లోనే. ఐమూలగా లాగితే అంత ఉండదు. నేత మీద నేత వేస్తే పొరలు సులువుగా ఊడతాయి కూడా. మధ్యలో మ్యాట్ వేయడం మీకు నేను చెప్పక్కర్లేదు. కానీ ఆర్డరు తొందరలో ఆ మధ్య మ్యాట్ మానేసిన బోట్లు రెండు చూశాను.

ఎండాకాలం ఇంకో అలవాటు ఉంది. ఎండకు రెజిన్ డబ్బాలోనే గడ్డకట్టేస్తోందని క్యాటలిస్ట్, అంటే రెజిన్‌ను గట్టిపరిచే మందు, ఒక శాతం కన్నా తగ్గించేస్తారు. పైకి గట్టిపడినట్టే ఉంటుంది, లోపల ఎప్పటికీ పూర్తిగా ఉడకదు. అలా పచ్చిగా మిగిలిన రెజిన్ గాజును పట్టి ఉంచలేదు, నీళ్లనూ ఆపలేదు. తక్కువ తక్కువగా కలుపుకోండి, ఉదయం, సాయంత్రం పని పెట్టుకోండి, ఎండాకాలానికి కోబాల్ట్ (గట్టిపడటాన్ని తొందరచేసే మందు) తగ్గించిన రెజిన్ ఇమ్మని సప్లయరును అడగండి. గడ్డకట్టడం మొదలయ్యాక ఇనుప రోలర్‌తో గట్టిగా రుద్దడం మాత్రం వద్దు. ఆ దశలో బుడగ పోదు, పోగులు తెగుతాయి.

మరమ్మతుకు వచ్చే బోట్ల అడుగు ఒకసారి చేత్తో తడమండి. ఇసుక మీద ఈడ్చి ఈడ్చి జెల్ కోట్ (బోటు పైపూత) పోయిన చోట తెల్లటి నూగులా చేతికి గుచ్చుకుంటుంది. ఆ నూగు గాజు పోగుల కొసలు. దీపం ఒత్తి నూనె పీల్చినట్టు, వాటి వెంట నీళ్లు పొర లోపలికి పోతాయి. దాని మీద అలాగే ఒక మ్యాట్ అంటించి రంగు వేస్తే నాలుగు నెలలు ఆగుతుంది. తడి ఆరేదాకా నీడలో ఉంచి, లోపలి మంచి పొర తగిలేదాకా రుద్ది, మందానికి పన్నెండు రెట్లు వెడల్పున ఏటవాలుగా తీసి అప్పుడు పొరలు వేయాలి. బోల్టుకు వేసిన ప్రతి రంధ్రం అంచుకూ రెజిన్ పూయాలి. రంధ్రం అంటే తెగిన పోగుల కొసలే కదా.

ఇదంతా చదివి మీలో ఒకరు అనుకుంటారు, తక్కువ రేటుకు అడిగేది మీవాళ్లే కదా అని. నిజమే. మావాళ్లు బోటును వేలితో కొట్టి చప్పుడు వింటారు, టేపుతో మందం కొలుస్తారు, రేటు తగ్గించమంటారు. పొరలెన్ని అని అడిగినవాణ్ని నేను చూడలేదు. మందం అడిగితే మందమే ఇస్తారు మీరు. 2004 సునామీ తర్వాత శ్రీలంకలో హడావిడిగా కట్టిన చిన్న బోట్లలో నాసిరకం చాలా ఉందని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) నిపుణులు అప్పట్లోనే హెచ్చరించారు. అక్కడా అంతే, ఎన్ని బోట్లు ఇచ్చామన్నది లెక్కపెట్టారు. ఎన్ని పొరలన్నది అడిగినవాళ్లు తక్కువ.

అందుకే మీ దగ్గరికి ఇలా వస్తున్నాను. బిల్లు మీద మందంతో పాటు పొరల వరస రాయండి. ఏ మ్యాట్, ఎన్ని, ఏ నేత, ఏ వరసలో. డ్రెయిన్ రంధ్రమో, ఇంకేదైనా రంధ్రమో కోసినప్పుడు ఊడి వచ్చే బిళ్లను పారేయకుండా బోటు యజమాని చేతికి ఇవ్వండి. కాల్చి చూసుకుంటాడో, దాచుకుంటాడో ఆయన ఇష్టం. మీరు నిజంగా తొమ్మిది పొరలు వేస్తే ఆ బిళ్లే మీకు ప్రచారం. రేటు కాస్త ఎక్కువ చెప్పండి, బిళ్ల చూపించి చెప్పండి. మావాళ్లకు నేను సర్దిచెబుతాను. కొత్తగా కట్టిన చిన్నాన్న తెప్ప బిళ్ల మా ఇంట్లో దేవుడి గూట్లో ఉంది. తొమ్మిది పొరలూ ఉన్నాయి. అదే మేస్త్రీ కట్టాడు.

మే నెల రెండో వారంలో నేను ఊళ్లోనే ఉంటాను. చిన్న త్రాసు, బర్నర్ తెచ్చుకుంటాను. పిలిచిన యార్డుకు వస్తాను, డబ్బులు వద్దు. బిళ్లల మీద మార్కర్‌తో బోటు నంబరు, తేదీ రాసి ఉంచండి. మ్యాట్ రోల్ మాత్రం నేను వచ్చేదాకా ఆగకుండా ఈ సాయంత్రమే ఇసుక మీద నుంచి లేపి, పేకెట్టు మూసి, అటక మీద పెట్టించండి.

ఇట్లు,
ఒక తండేలు కొడుకు